పిల్లలు చేతులు వాళ్లంతట వాళ్లే కడుక్కోవాలంటే

మూడు నాలుగేళ్ల పిల్లలకు చేతులు కడుక్కోవడం నేర్పేటప్పుడు మాటలకన్నా ముందు సింక్ సంగతి చూడండి. కుళాయి అందకపోతే ఎంత చెప్పినా మనల్నే పిలుస్తారు. జారని, గట్టి స్టూల్ ఒకటి అక్కడే ఉంచేయండి. పెద్ద సబ్బు చిన్న చేతుల్లో నిలవదు, జారిపోతుంది. దాన్ని సగానికి కోసి ఇవ్వండి, లేదా పంప్ నొక్కే లిక్విడ్ సబ్బు పెట్టండి. తువ్వాలు కూడా వాళ్ల ఎత్తులోనే వేలాడాలి.

చేతులు తడిపాక కుళాయి కట్టేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. నీళ్లు పారుతూ ఉంటే పిల్లల ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది, రుద్దడం మర్చిపోతారు. సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలి. గడియారం చూడటం రాదు కాబట్టి ఒకటి నుంచి ఇరవై దాకా నిదానంగా, పైకి లెక్కపెట్టించండి. అంకెలు కూడా వస్తాయి!

ఎక్కువమంది పిల్లలు అరచేతులు మాత్రమే రుద్దుతారు. బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్లు వదిలేస్తారు. మనం చేత్తో కలుపుకుని తింటాం కాబట్టి గోళ్లలో మురికి నేరుగా ముద్దలోకే వెళ్తుంది. అందుకే గోళ్లను రెండో అరచేతిలో గీరినట్టు రుద్దడం విడిగా చూపించండి. నీళ్లతో చెరిగే స్కెచ్ పెన్‌తో బొటనవేలి మీద, వేళ్ల మధ్య చిన్న చుక్కలు పెట్టి, అవి పోయేదాకా రుద్దమనండి. ఈ ఆట పిల్లలకు భలే నచ్చుతుంది.

కుళాయి లేని చోట బకెట్‌లో చేతులు ముంచనివ్వకండి, చెంబుతో పోయండి.