మీటింగ్‌లో మొహం చీకటిగా కనిపిస్తోందా? బ్రైట్‌నెస్ పెంచే ముందు ఇవి చూడండి

పోయిన నెలలో మా పిన్ని కూతురికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. రాజమండ్రిలో వాళ్ల ఇల్లు, తూర్పు వైపు పెద్ద కిటికీ ఉన్న గది, పొద్దున పది గంటలకు మీటింగ్. తొమ్మిదింబావుకి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, నా మొహం అస్సలు కనిపించట్లేదు, బ్రైట్‌నెస్ మొత్తం పెంచేశాను, ఇంకా ఘోరంగా అయింది" అంది. గొంతులో ఏడుపు తెలిసిపోతోంది. వీడియో కాల్ లింక్ పంపమని చూశాను. వెనకాల పుస్తకాల అర ఉన్న వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్, దాని ముందు బూడిద పూసినట్టున్న మొహం, కళ్లెక్కడో ముక్కెక్కడో తేడా తెలియడం లేదు. ఒకసారి ఆ బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్యమన్నాను. తీయగానే తెలిసిపోయింది, సరిగ్గా తన తల వెనకే కిటికీ, అందులోంచి పొద్దుటి ఎండ భగభగా కొడుతోంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ పెడితే కిటికీ అవతలివాళ్లకు కనిపించదు, కానీ కెమెరాకు కనిపిస్తూనే ఉంటుంది. బొమ్మని కెమెరా పట్టుకున్నాకే కదా సాఫ్ట్‌వేర్ వెనక భాగాన్ని కత్తిరించేది! ఎంత వెలుతురు తీసుకోవాలో కెమెరా మామూలుగా ఫ్రేమ్ మొత్తం చూసి, సగటు లెక్క కట్టి తేల్చుకుంటుంది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం కిటికీ వెలుగే ఉంటే "అబ్బో, చాలా వెలుతురుంది" అని మొత్తం తగ్గించేస్తుంది, ఆ తగ్గింపులో మీ మొహం కూడా పోతుంది. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నా ఇదే జరుగుతుంది. అదే నల్లటి కర్టెన్ ముందు నల్ల టీషర్ట్‌తో కూర్చుంటే మొహం తెల్లగా పాలిపోయినట్టు వస్తుంది. అందుకే కాల్‌లో ఎవరైనా "ఏంటమ్మా ఇంత నల్లబడ్డావు" అంటే బాధపడకండి, అది మీ రంగు కాదు, కెమెరా వేసిన తప్పు లెక్క.

బ్రైట్‌నెస్ స్లైడర్‌తో ఆ లెక్క మారదు. కెమెరా అప్పటికే పోగొట్టుకున్న వివరాన్ని అది వెనక్కి తేలేదు, ఉన్న చీకటినే బూడిద రంగుకి లేపుతుంది, మొహం మీద గింజలు గింజలుగా కనిపిస్తుంది. స్లైడర్‌ని ఆఖరికి వదిలేయమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

తనని కుర్చీ కిటికీ వైపు తిప్పుకోమన్నాను. టేబుల్ బరువు, కదలదు. ల్యాప్‌టాప్‌ని కిటికీ గట్టు మీదే పెట్టి, కింద రెండు లావుపాటి పుస్తకాలు వేసి కెమెరాని కళ్ల ఎత్తుకి తెచ్చింది. ఇప్పుడు ఎండ నేరుగా మొహం మీద పడి కళ్లు చికిలిస్తోంది, ఒక చెంప తెల్లగా మెరిసిపోతోంది. పల్చటి చున్నీ ఒకటి కిటికీ ఊచలకు కట్టమన్నాను. కట్టగానే ఆ ఎండ మెత్తబడి మొహమంతా సమానంగా పరుచుకుంది. స్లైడర్‌ని మళ్లీ మధ్యకి తెచ్చాం, అంతే, కళ్లలో మెరుపుతో సహా కనిపించింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

మీ దగ్గర కిటికీ తిప్పలు లేకపోయినా చీకటిగానే ఉంటే, తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. దానికి చాలా తేలికైన పరీక్ష ఉంది. మీటింగ్ యాప్ పూర్తిగా మూసేసి విండోస్‌లో ఉండే కెమెరా యాప్ తెరవండి, మ్యాక్ అయితే ఫోటో బూత్. అందులో కూడా చీకటిగా ఉంటే తప్పు వెలుతురుదో, కెమెరా సెట్టింగ్‌దో. అందులో బాగుండి జూమ్‌లోనో టీమ్స్‌లోనో మాత్రమే పాడైతే ఆ యాప్ లోపల వెతకాలి. మీ స్క్రీన్ మీద కనిపించేదాన్ని పూర్తిగా నమ్మకండి, స్క్రీన్ వెలుగు తగ్గించుకుని ఉంటే అన్నీ మసకగానే కనిపిస్తాయి, అవతలివాళ్లకు మీరు బాగానే కనిపిస్తూ ఉండొచ్చు. ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి అదే మీటింగ్‌లోకి వచ్చి చూసుకోండి.

బొమ్మ మసకగా కాకుండా పూర్తిగా నల్లగా వస్తే అది బ్రైట్‌నెస్ గొడవే కాదు. కెమెరా మీద చిన్న మూత జరిగి ఉంటుంది, చాలా ల్యాప్‌టాప్‌లకు అది కంటికి ఆనదు. లేదా కీబోర్డు మీద కెమెరా ఆపే బటన్ నొక్కి ఉంటారు, లేదా విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి కెమెరా అనుమతి తీసేసి ఉంటుంది. బొమ్మంతా పాలపొర కమ్మినట్టు ఉంటే మాత్రం లెన్స్ తుడవండి, ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు వేలు పడేది సరిగ్గా అక్కడే. పొడి మెత్తటి గుడ్డ చాలు. ఫోన్‌లో మాట్లాడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, ముందు కెమెరా రోజంతా చెంపకు ఆనుతూనే ఉంటుంది.

ఇక కెమెరా సెట్టింగ్. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి బ్లూటూత్ అండ్ డివైసెస్‌లోకి, అక్కడ కెమెరాస్‌లోకి వెళ్లి మీ కెమెరా మీద నొక్కితే చిన్న ప్రివ్యూతో పాటు బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ లాంటివి వస్తాయి. ఏమేం వస్తాయన్నది మీ కెమెరాని బట్టి ఉంటుంది. ఎప్పుడో ఎవరో కదిపి మర్చిపోయిన స్లైడర్లు ఇక్కడే దొరుకుతాయి. ముందు అన్నీ డిఫాల్ట్‌కి తెచ్చి చూడండి, అప్పటికీ చాలకపోతే బ్రైట్‌నెస్ కొద్దికొద్దిగా జరపండి. ఇక్కడ మార్చింది మిగతా యాప్‌లకు కూడా వర్తిస్తుంది, కాబట్టి ఒక్క యాప్ కోసం ఇక్కడ విపరీతంగా పెంచకండి. మ్యాక్‌లో ఇలాంటి స్లైడర్ ఉండదు. ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్ అయితే వీడియో కాల్ నడుస్తుండగా మెనూ బార్‌లో వచ్చే వీడియో ఎఫెక్ట్స్‌లో స్టూడియో లైట్ ఉంటుంది, అది వెనక భాగాన్ని తగ్గించి మొహాన్ని వెలిగిస్తుంది.

యాప్‌ల విషయానికొస్తే, జూమ్ వీడియో సెట్టింగ్స్‌లో అడ్జస్ట్ ఫర్ లో లైట్ అని ఉంటుంది, అందులో ఆటో, మాన్యువల్ రెండూ ఉంటాయి. టీమ్స్‌లో అడ్జస్ట్ బ్రైట్‌నెస్, గూగుల్ మీట్ వీడియో సెట్టింగ్స్‌లో అడ్జస్ట్ వీడియో లైటింగ్. వెర్షన్‌ని బట్టి చోటు అటూ ఇటూ మారుతుంది కానీ పేర్లు దాదాపు ఇవే. మీరు కదిలినప్పుడల్లా, చెయ్యి ఎత్తినప్పుడల్లా మొహం వెలుగుతూ ఆరుతూ ఉంటే, కెమెరా సొంత ఆటో ఒకవైపు, యాప్ ఆటో ఇంకోవైపు లాగుతున్నాయేమో చూడాలి. నేనైతే యాప్‌ది మాన్యువల్‌కి మార్చి ఒక చోట ఆపేస్తాను. పాత ల్యాప్‌టాప్ అయితే ఇవన్నీ ప్రాసెసర్ మీద బరువే, ఫ్యాన్ రొద పెట్టడం మొదలైతే ఆపేసి ఒక దీపం వేసుకోవడం మంచిది.

వెలుతురు తక్కువైతే ఇంకో తేడా వస్తుంది, చాలామంది దాన్ని నెట్ సమస్య అనుకుంటారు. చీకట్లో కెమెరా ఒక్కో ఫ్రేమ్‌కి, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మకి, ఎక్కువసేపు వెలుతురు పోగుచేసుకోవాలి, అందుకని సెకనుకి 30 ఫ్రేమ్‌లు ఇవ్వాల్సింది 15కి దిగిపోవచ్చు. చెయ్యి ఊపితే సాగినట్టు కనిపిస్తుంది. వైఫై రౌటర్ ఆపి పెట్టే ముందు ఒకసారి లైటు వేసి చూడండి.

వీడియో మీద అడ్డంగా చారలు కదులుతుంటే కారణం వేరు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కో ఊపుకి రెండుసార్ల చొప్పున ట్యూబ్‌లైట్, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. అది కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, అందుకే అక్కడినుంచి ఎవరైనా తెచ్చిచ్చిన వెబ్‌క్యామ్ 60 మీద ఉండి ఇక్కడ చారలు చూపించొచ్చు. విండోస్ కెమెరా యాప్ సెట్టింగ్స్‌లో ఫ్లికర్ రిడక్షన్ అని ఉంటుంది, దాన్ని 50కి మార్చండి. వెబ్‌క్యామ్‌తో వచ్చిన సొంత సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇది ఉండొచ్చు.

రాత్రి మీటింగులు, ముఖ్యంగా అమెరికా వాళ్లతో పనిచేసేవాళ్లవి, ట్యూబ్‌లైట్ వెలుగులోనే జరుగుతాయి. లైటు సరిగ్గా నెత్తిమీదుంటే కళ్ల కింద గుంటలు పడతాయి, వీపు వెనకుంటే మళ్లీ కిటికీ కథే. ట్యూబ్‌లైట్ ఉన్న గోడకి ఎదురుగా మొహం పెట్టి కూర్చోండి. కళ్లద్దాలుండి రింగ్ లైటు, అంటే చక్రంలా ఉండే లైటు, వాడుతుంటే దాన్ని కెమెరా పక్కన కాస్త పైకి జరపండి, లేకపోతే అద్దాల్లో రెండు తెల్ల చక్రాలు తేలతాయి. రింగ్ లైటు కొనకుండా టేబుల్ ల్యాంప్‌ని ఎదురుగా ఉన్న తెల్ల గోడకి తిప్పినా సరిపోతుంది, గోడ నుంచి తిరిగొచ్చే వెలుతురు మెత్తగా ఉంటుంది.

ముఖ్యమైన మీటింగ్ అయితే ముందురోజు అదే సమయానికి అదే కుర్చీలో కూర్చుని చూసుకోండి, పొద్దున పదికి ఉన్న ఎండ సాయంత్రం నాలుగుకి అక్కడ ఉండదు. కరెంటు పోయే ఊరైతే ఛార్జింగ్ ఎమర్జెన్సీ బల్బు ఒకటి ఎదురుగా ఉన్న హోల్డర్‌లో పెట్టి ఉంచండి, మా పిన్ని అదే చేసింది. ఆ రోజు ఇంటర్వ్యూ మధ్యలో కరెంటు పోయింది కూడా, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, నెట్ ఫోన్ మీద నడిచాయి, కిటికీ వెలుగుకి తోడు ఎదురుగా బల్బు వెలుగుతూనే ఉంది.