చిన్న ట్రాక్టరు లోడరుకు ఫోర్కులు, మంచు బ్లేడు: నా అనుభవం

మిషిగన్‌లోని మా ఇంటి కంకర దారిలో మంచు తోయడానికీ, పొయ్యిలో వేసే కలప గుళికల బస్తాలను దించుకోవడానికీ చిన్న ట్రాక్టరు లోడరుకు (ట్రాక్టరు ముందుండే, బరువులెత్తే చేతులు) రెండు పరికరాలు కొన్నాను: ప్యాలెట్‌ను, అంటే సరుకు పేర్చే చెక్క పలకను, ఎత్తే ఫోర్కులు, మంచు తోసే బ్లేడు. ఫోర్కుల దగ్గరే మొదట పొరబడ్డాను. లోడరు ఎత్తగలదని కాగితంలో ఉన్న 1,100 పౌండ్లు బకెట్టు తగిలించే పిన్నుల దగ్గరి లెక్క. ప్యాలెట్ బరువు అంతకు రెండడుగుల ముందు పడుతుంది, పైగా ఫోర్కుల సొంత బరువు కూడా అందులోనుంచే పోతుంది. 40 పౌండ్ల బస్తాలు 50 ఉన్న ప్యాలెట్‌ను ఎత్తబోతే హైడ్రాలిక్స్ మూలిగాయే తప్ప అది కదలలేదు. 15 బస్తాలకు తగ్గించాక లేచింది గాని, వెనక చక్రం ఒకటి నేలను వదిలింది. బరువైన ఫోర్కులను తిరిగి ఇచ్చి తేలికైనవి తెచ్చుకుని, ట్రాక్టరు వెనక ఇసుక నింపిన పెట్టెను తగిలించాక ఆ భయం పోయింది.

బ్లేడు విషయంలో వెడల్పే ముఖ్యం. ఆరడుగుల బ్లేడును 30 డిగ్రీలు పక్కకు తిప్పితే తోసే వెడల్పు 5 అడుగుల 2 అంగుళాలకు తగ్గుతుంది. అయినా అది చక్రాల బాటను దాటి ఉండాలి. రాయి తగిలితే బ్లేడు కింది అంచును వెనక్కి మడతపడనిచ్చే స్ప్రింగులు ఉన్నదే ఎంచుకున్నాను, ఎందుకంటే లోడరు చేతులు పక్క దెబ్బలకు చేసినవి కావు. కంకర లేచిపోకుండా బ్లేడు కింద నేలపై జారే పాదాలను అంగుళం దించి బిగించాను.