పీఎస్‌సీ పైపును నేలలో దింపడం ఎలా

అనంతపురం జిల్లాలో మంచినీటి పైపులైన్ల పనుల్లో ముప్పై ఏళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా తిరిగాను. కొత్తగా సైటుకు వచ్చినవారికి ముందుగా ఒక మాట చెప్పేవాణ్ణి: ఈ పీఎస్‌సీ (ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు, అంటే ముందే నొక్కి ఉంచిన కాంక్రీటు) పైపు బలమంతా దాని చుట్టూ బిగించి చుట్టిన ఉక్కు తీగలో ఉంది. ఆ తీగకు కాపలా పైనున్న సిమెంటు పూత. పూత చెదరకుండా పైపును కందకంలో పడుకోబెట్టగలిగితే సగం పని అయినట్టే.

ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా తొడగడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎర్రగా కాల్చిన పట్టా మీద నీళ్లు పోస్తే అది ముడుచుకుని చక్రాన్ని బిగించి పట్టుకుంటుంది. కాంక్రీటు నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం పగులుతుంది. లోపలి నీటి ఒత్తిడి పైపు గోడను లాగుతుంది కనుక తీగతో గోడను ముందే నొక్కి ఉంచుతారు. తొలినాళ్లలో మామూలు ఇనుముతో ఇలా చేసినవారు విఫలమయ్యారు. కాంక్రీటు కాలక్రమేణా కుంచించుకుపోవడంతో బిగువంతా పోయేది. ఫ్రాన్సులో యూజీన్ ఫ్రెయ్‌సినే తాను కట్టిన వంతెన కమానులు మెల్లమెల్లగా కుంగడం చూసి ఆ గుట్టు పట్టుకున్నాడు. మంచి గట్టి ఉక్కును బలంగా లాగి బిగిస్తే కాంక్రీటు కుంచించుకున్నాక కూడా కావలసినంత బిగువు మిగులుతుంది. 1928లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో ఈ పైపుల తయారీకి ఐఎస్ 784, వేయడానికి ఐఎస్ 783 ప్రమాణాలు. రెండూ సైటు షెడ్డులో ఉండాలి.

లారీ రాగానే ప్రతి పైపునూ చిన్న సుత్తితో చుట్టూ తట్టి చూడండి. ఖంగుమంటే పూత గట్టిగా అంటుకుని ఉంది. డొల్లగా పలికితే అక్కడ రంగుతో గుర్తు పెట్టి, ఇంజనీరు చూసేదాకా ఆ పైపును పక్కనే ఉంచండి. ఎత్తడానికి వెడల్పాటి బెల్టులే వాడాలి. ఒకచోట ఇనుప తాడుతో ఎత్తితే పూత అరచేయంత ఊడింది. పొద్దుపోయిందని అలాగే మట్టి కప్పేశారు. నాలుగేళ్లకు నడి ఎండాకాలంలో సరిగ్గా అక్కడే పైపు పేలింది. తవ్వి చూస్తే తీగ తుప్పుపట్టి ముక్కలై ఉంది. మూడు రోజులు ఊళ్లకు నీళ్లు లేవు. బోరు నీటిలో ఫ్లోరైడు ఉన్న పల్లెలవి. ట్యాంకరు కోసం బిందెలతో నిలబడిన ఆడవాళ్ల ముఖాలు నేను మర్చిపోలేదు.

మా వైపు కందకం అడుగున బండరాయి తగులుతుంది. దాని మీద జానెడు మందాన మెత్తటి గరుసో ఇసుకో పరిచి చదును చేయాలి. తాడిపత్రి, నంద్యాల వైపు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దాన్ని తీసేసి గరుసు నింపండి. సాకెట్ (పక్క పైపు కొన దూరే వెడల్పాటి కొన) వచ్చే చోట కింద చిన్న గుంత తీయాలి. లేకపోతే పైపు బరువంతా సాకెట్ మీదే పడుతుంది.

దొర్లే రబ్బరు రింగు జాయింటుకు గ్రీజు, సబ్బునీళ్లు వద్దు. అవి రాస్తే రింగు దొర్లకుండా జారి, వంకరగా ఇరుక్కుంటుంది. రెండు కొనలనూ పొడిగుడ్డతో తుడవండి. రింగును స్పిగాట్ (సాకెట్‌లోకి దూరే కొన) చివర మెలిక లేకుండా తొడిగి, దాని కిందుగా నున్నటి కడ్డీని చుట్టూ తిప్పి సాగుడు సమం చేయండి. పైపును తిన్నగా గురిపెట్టి చెయిన్ పుల్లీతో నిదానంగా లాగండి. జేసీబీ బకెట్టుతో నెట్టనివ్వకండి.

వంపుల దగ్గర కాంక్రీటు దిమ్మెలు పూర్తిగా గట్టిపడ్డాకే లైనుకు నీటి ఒత్తిడి పరీక్ష మొదలుపెట్టాలి. నీటిని పల్లం నుంచి మెల్లగా ఎక్కించి, మిట్టల మీది వాల్వుల నుంచి గాలి వదలండి. కాంక్రీటు నీళ్లు పీల్చుకుంటుంది కనుక ఒక రోజు నిండుగా ఉంచాకే ఒత్తిడి పెంచాలి.

ఊరికి కనెక్షన్ కావాలని తరువాత ఎవరు అడిగినా ఈ పైపుకు ఉలి తగలనివ్వకండి. ఏ ఊరికి ఎక్కడ చీలాలో ముందే అడిగి, లైను వేసేటప్పుడే అక్కడ టీ ముక్కలు (లైను నుంచి పక్కకు చీలే, T ఆకారపు పైపు ముక్కలు) పెట్టించండి. అవి ఉన్న చోట్లు గుర్తించిన పటం ఒకటి పంచాయతీలో ఇచ్చి రండి.