పాయింట్ల పట్టిక సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేముందు

మా మొదటి మెమో తప్పు మనిషికి వెళ్లింది. హైదరాబాద్ జీడిమెట్లలో ఆటో విడిభాగాలు చేసే యూనిట్ మాది, నేను టైమ్ ఆఫీస్, అంటే హాజరు లెక్కలు, చూస్తాను. ఆలస్యానికీ గైర్హాజరుకీ పాయింట్లు వేసి, అవి ఆరైతే మెమో ఇచ్చే పద్ధతిని హాజరు సాఫ్ట్‌వేర్‌లో పెట్టాం. ప్రెస్ షాపు ఆపరేటర్ ఒకాయన ఆ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "రాత్రంతా ప్రెస్ కాడనే ఉన్న మేడం, రాలేదని రాసిన్రు" అన్నాడు.

ఆయనది సీ షిఫ్ట్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు. సాఫ్ట్‌వేరేమో అర్ధరాత్రి పన్నెండుకి తేదీ మార్చేసింది. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు మెషిన్ మీద వేలు పెట్టడాన్ని పంచ్ కొట్టడం అంటాం. సోమవారం ఒకే పంచ్ ఉంది కాబట్టి ఆబ్సెంట్, మూడు పాయింట్లు. మంగళవారం నుంచి పొద్దున కొట్టిన అవుట్ పంచ్‌ని ఇన్‌గా, రాత్రి కొట్టిన ఇన్ పంచ్‌ని అవుట్‌గా చదివి పదహారు గంటల డ్యూటీ చూపించింది. నెలలో రెండు వారాలు సీ షిఫ్ట్ పడింది, ఆరు పాయింట్లయ్యాయి. ఒక చేత్తో మెమో, ఇంకో చేత్తో రోజుకి ఎనిమిది గంటల ఓటీ (ఓవర్‌టైమ్)!

కాబట్టి పాయింట్ల పేజీ తెరవకముందే షిఫ్ట్ సెట్టింగులు చూడండి. ప్రతి షిఫ్ట్‌కీ ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా కొట్టిన పంచ్ లెక్కలోకి రావాలో విడిగా ఇవ్వాలి. మా సీ షిఫ్ట్‌కి ఇన్ 9 నుంచి 11:30 దాకా, అవుట్ మర్నాడు మధ్యాహ్నం 3 దాకా పెట్టాను. అంతసేపు ఎందుకంటే, తర్వాత మెషిన్ అందుకోవాల్సిన రిలీవర్ రాకపోతే, పొద్దున ఆరుకి మొదలయ్యే ‘ఎ’ షిఫ్ట్‌లో కూడా ఆగిపోయేవాళ్లుంటారు. అయిదు నిమిషాల్లోపు రెండోసారి కొట్టిన పంచ్‌ని వదిలేయమని చెప్పాలి. వేలు సరిగ్గా పడిందో లేదోనని జనం రెండేసి సార్లు నొక్కుతారు.

తర్వాత పట్టిక. దీన్ని ముందు కాగితం మీద రాసుకోండి. మాది ఇలా ఉంది: పది నిమిషాల గ్రేస్ (మన్నించే సమయం) దాటి గంటలోపు ఆలస్యమైతే అర పాయింటు, గంట దాటితే ఒకటి. షిఫ్ట్ మొదలయ్యే గంట ముందు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి రాకపోతే ఒకటి, చెప్పకుండా రాకపోతే మూడు. ఈ ఒకటికీ మూడుకీ మధ్య తేడానే మొత్తం వ్యవహారం. ఫోన్ వస్తే ఇంకొకరిని మెషిన్ మీద నిలబెట్టుకుంటాం, రాకపోతే లైన్ ఆగుతుంది. జ్వరమొచ్చి వరసగా నాలుగు రోజులు రాకపోతే అది ఒక్క ఘటన, నాలుగు కాదు. "వరుస గైర్హాజరు ఒకటిగా లెక్కించు" లాంటి ఆప్షన్ ఏ మూలో ఉంటుంది, వెతకండి.

గ్రేస్‌ని పరీక్షించి చూడాలి. 6:11కి వచ్చినవాడి ఆలస్యం పదకొండు నిమిషాలా, ఒక్క నిమిషమా? ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా లెక్కేస్తుంది.

ఇక పాయింట్లు పడకూడని కోడ్‌లు, అంటే రాకపోవడానికో ఆలస్యానికో కారణం చెప్పే గుర్తులు. నా లెక్కలో పట్టిక కన్నా ఇవే ముఖ్యం. మంజూరైన సెలవు, కాంప్ ఆఫ్ (సెలవురోజు పనిచేసినందుకు బదులు సెలవు), ప్రసూతి సెలవు, పనిలో తగిలిన దెబ్బ, పోలింగ్ రోజు సెలవు, ఇ.ఎస్.ఐ. (కార్మికుల ప్రభుత్వ బీమా) సర్టిఫికెట్ ఉన్న అనారోగ్యం. ఇ.ఎస్.ఐ. సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బు రోజులకిచ్చే భృతి) తీసుకుంటున్న రోజుల్లో కార్మికుణ్ణి శిక్షించకూడదని చట్టమే చెప్పింది, అక్కడ పాయింటు పడితే తర్వాత సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. వీటితోపాటు "కంపెనీ బస్సు ఆలస్యం", "కరెంటు పోయి పంచ్ పడలేదు" అని రెండు కోడ్‌లు మేం కలిపాం. బస్సు కోడ్ ఎందుకొచ్చిందో కాసేపట్లో చెప్తాను.

పాయింట్లని జీతం లెక్కతో కలపకండి. మూడు లేట్లకి సగం రోజు జీతం కోసే అలవాటు చాలాచోట్ల ఉంది. గైర్హాజరుకి కోత పని చేయని సమయానికి తగినంతే ఉండాలి. జరిమానా అంటారా, దానికి ముందు అతని మాట వినాలి, అదీ ఆ నెల జీతంలో మూడు శాతం దాటకూడదు. పేరోల్‌కి వెళ్లే ఫైల్‌లో పాయింట్ల కాలమ్ లేకుండా చూసుకోండి.

మరి పాయింట్లు దేనికి? మోడల్ స్టాండింగ్ ఆర్డర్స్‌లో (ప్రభుత్వం ఇచ్చిన నమూనా ఉద్యోగ నిబంధనల్లో) అలవాటుగా ఆలస్యంగా రావడం దుష్ప్రవర్తన కిందే ఉంది. ఎన్నిసార్లయితే అలవాటో మాత్రం అందులో రాయలేదు. ఆ ఖాళీలోనే గొడవలన్నీ. ఒక సూపర్‌వైజర్‌కి మూడుసార్లే ఎక్కువ, ఇంకొకరు తన మనిషైతే ఇరవైసార్లకీ నోరెత్తడు. పట్టిక ఉంటే అందరికీ ఒకే కొలత. మాకు నాలుగుకి మాటతో హెచ్చరిక, ఆరుకి మెమో, తొమ్మిదికి షోకాజ్. ఆ పైన సాఫ్ట్‌వేర్‌కి పని లేదు. సంజాయిషీ, ఎంక్వైరీ మనుషులు చేయాల్సినవి. ఆటోమేటిక్‌గా ఉత్తరం పంపే బటన్ ఆఫ్ చేసి, డ్రాఫ్ట్ నాకు వచ్చేలా పెట్టుకున్నాను. ప్రెస్ షాపాయన నేర్పిన పాఠం అది.

పాత పాయింట్లు ఎప్పుడు పోవాలి? జనవరి 1న అందరికీ సున్నా చేస్తే, రెండు వారాల్లో సంక్రాంతి. కొత్త ఖాతాతో నిశ్చింతగా ఊరెళ్లిపోతారు. అందుకే ఏ పాయింటు అయినా పడిన రోజు నుంచి ఆరు నెలలకి పోయేలా పెట్టాం. నెలంతా ఒక్కటీ పడకపోతే ఒక పాయింటు తగ్గుతుంది. ఇక్కడొక చిన్న పొరపాటు చేశాను, కనీసం సున్నా అని పెట్టలేదు. వెల్డింగ్‌లో ఒక కుర్రాడు మైనస్ నాలుగుదాకా పీఎఫ్‌లా దాచుకుని, దసరాకి చెప్పాపెట్టకుండా వెళ్లొచ్చాడు. వచ్చాక లెక్క చూపించాడు కూడా. లెక్క కరెక్టే!

ఇదంతా అయ్యాక రెండు నెలలు ఎవరికీ కాగితం ఇవ్వకుండా నడపండి. మా ట్రయల్‌లో ఎక్కువ పాయింట్లున్న పన్నెండు మందిలో తొమ్మిది మందిది ఒకే బస్సు రూటు. బస్సు రోజూ బాలానగర్ దగ్గర ఇరుక్కునేది. తప్పు రూటుది, పాయింట్లు వాళ్లవి. బస్సు కోడ్ అప్పుడు పుట్టింది, బస్సు కూడా పావుగంట ముందు బయల్దేరడం మొదలైంది. మిగతా ముగ్గురిలో ఇద్దరికి కూలెంట్‌లో (మెషిన్‌ని చల్లబరిచే ద్రవంలో) నాని వేలిముద్రలు అరిగిపోయాయి, మెషిన్ పట్టడం లేదు. వాళ్లకి ముఖం చూసే మెషిన్ పెట్టించాం. పన్నెండు మందిలో నిజంగా ఆలస్యంగా వచ్చేవాడు ఒక్కడు!

మిస్ పంచ్ సవరణ టైమ్ ఆఫీస్ ఒక్కటే చేయకూడదు. గేటు రిజిస్టర్ చూసి నేను ఎక్కిస్తే, సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి, కారణం రాయకుండా సేవ్ అవ్వకూడదు. "ఈ ఒక్కసారికి తీసెయ్ మేడం" అని వచ్చేవాళ్లకి ఆ స్క్రీన్ చూపిస్తే చాలు.

అసలు అమలు మొదలయ్యే రోజున అందరికీ సున్నా, ట్రయల్ పాయింట్లు మోయకూడదు. పట్టిక నోటీసు బోర్డు మీద తెలుగు, హిందీ, ఒడియాల్లో పెట్టాం. ఒడియాది మా ప్యాకింగ్ కుర్రాడితోనే చదివించి సరిచూసుకున్నాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ డమ్మీ ఉద్యోగికి సీ షిఫ్ట్ వేసి, రాత్రి పదికి ఒక పంచ్, పొద్దున 6:04కి ఒక పంచ్ ఇచ్చి చూస్తాను. రిపోర్టులో ఎనిమిది గంటల నాలుగు నిమిషాలు, సున్నా పాయింట్లు కనబడ్డాకే మిగతా పని.