గ్రహాల దారి – 5వ పాఠం: సంక్రాంతి తేదీల్లో కెప్లర్ రెండో నియమం

పోయిన పాఠంలో కెప్లర్ మొదటి నియమం చూశాం: గ్రహం కక్ష్య దీర్ఘవృత్తం, సూర్యుడు దాని రెండు నాభుల్లో ఒకదానిలో ఉంటాడు. ఆ తర్వాత అట్ట మీద రెండు గుండుసూదులు, దారంతో మీరు గీసి పంపిన బొమ్మలు చూశాను. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి వచ్చినవాటిలో సూర్యుడు నడిమధ్యలో లేడు, ఒక గుండుసూది దగ్గర, అంటే నాభిలోనే ఉన్నాడు. అంతవరకు సరే. కానీ దాదాపు ప్రతి బొమ్మలోనూ భూమి కక్ష్య కోడిగుడ్డులా సాగిపోయింది. చాలామంది దాని కింద ఒకటే మాట రాశారు: "భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు ఎండాకాలం."

ఈ వారం రెండో నియమంతో మొదలుపెట్టాల్సింది. ఈ ఒక్క మాట తుడిచేయకుండా ముందుకు వెళ్తే మిగతావన్నీ తప్పుగానే అర్థమవుతాయి. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

మళ్ళీ అట్ట తీసుకోండి. రెండు సూదులకు కట్టాక మధ్యలో 20 సెంటీమీటర్ల దారం మిగలాలి. భూమి కక్ష్య కావాలంటే సూదుల మధ్య దూరం ఎంతో తెలుసా? 3.3 మిల్లీమీటర్లు. మీరు పెట్టినట్టు పది, పన్నెండు సెంటీమీటర్లు కాదు. సూదుల గుండ్లు ఒకదానికొకటి తగిలేటంత దగ్గరగా గుచ్చి, దారం బిగించి పెన్సిల్ తిప్పండి. వచ్చే గీతను చూసినవాళ్ళెవరూ దీర్ఘవృత్తం అనరు, గుండ్రంగా ఉందంటారు. నిజంగానే పొడవు 20 సెంటీమీటర్లయితే వెడల్పు 19.997. ఆ తేడా మీ పెన్సిల్ గీత మందంలో కలిసిపోతుంది. సూదుల దూరాన్ని దారం పొడవుతో భాగిస్తే వచ్చేదే ఉత్కేంద్రత, కక్ష్య ఎంత సాగిందో చెప్పే అంకె. భూమికి అది 0.0167 అంటే ఇంతే.

కుజుడికి సూదుల దూరం 1.9 సెంటీమీటర్లు. అయినా వెడల్పు తగ్గేది ఒక మిల్లీమీటరు లోపే. బుధుడికి 4.1 సెంటీమీటర్లు. హేలీ తోకచుక్కకు మాత్రం 19.3 సెంటీమీటర్లు పెట్టాలి, అప్పుడు వెడల్పు 5 సెంటీమీటర్లకు పడిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో భూమి కక్ష్యంటూ వేసేది చాలాసార్లు ఈ తోకచుక్క దారికి దగ్గరగా ఉంటుంది. పిల్లల బుర్రలో ఎండాకాలం తప్పుగా నాటుకునేది అక్కడే. ఆ బొమ్మలంటే నాకు ఒళ్ళుమంట.

భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అప్పుడే మన కొండల్లోని దారింగ్‌బాడిలో జనం చలిమంటల చుట్టూ చేరతారు. బాగా దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో, 15.21 కోట్ల కిలోమీటర్లు. దగ్గరితనమే వేడికి కారణమైతే సంక్రాంతి రోజుల్లో మనం చెమటలు కక్కాలి. పైగా ఒకే సమయంలో ఆస్ట్రేలియాలో ఎండాకాలం, మనకు చలికాలం ఎలా ఉంటాయి? ఇద్దరమూ ఒకే భూమి మీద, సూర్యుడికి ఒకే దూరంలో ఉన్నాం కదా. ఋతువులకు కారణం భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండడం. పర్లాకిమిడిలో మే నడిమికల్లా మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా పాతిన కర్రకు నీడే పడదు. జూలై చివర్లో మళ్ళీ అదే జరుగుతుంది. ఎండ నిట్టనిలువుగా పడుతోందా, ఏటవాలుగా పడుతోందా, పగలు ఎంతసేపు ఉంది, ఇవే లెక్క. దూరం మాట ఇక్కడితో వదిలేయండి.

ఇప్పుడు రెండో నియమం. సూర్యుణ్ణీ గ్రహాన్నీ కలిపే గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలను చిమ్ముతుంది. రంగులు పూసిన త్రికోణాల బొమ్మలు మీరు చూసే ఉంటారు, వాటి జోలికి నేను వెళ్ళను. కక్ష్యలో సూర్యుడికి బాగా దగ్గరి కొన, బాగా దూరపు కొన, ఈ రెండూ పట్టుకుంటే చాలు. అక్కడ దూరాన్ని వేగంతో గుణిస్తే రెండు చోట్లా ఒకే అంకె రావాలి. జనవరిలో భూమి సెకనుకు 30.29 కిలోమీటర్లు పోతుంది, జూలైలో 29.29. గుణించి చూడండి: 14.71 × 30.29, 15.21 × 29.29. రెండూ దాదాపు 445.5.

సెకనుకు ఒక్క కిలోమీటరు తేడా మన కళ్ళకు ఆనుతుందా అంటే, ఆనుతుంది. గోడ మీదే ఉంది. మన ఇళ్ళలో తెలుగు పంచాంగమూ ఉంటుంది, ఒడియావాళ్ళ పంచాంగం, అంటే పంజి కూడా ఉంటుంది. తెలుగు నెలలు చంద్రుడివి కాబట్టి వాటిలో ఈ తేడా కనిపించదు. ఒడియా పంజిలో సంక్రాంతులు, అంటే సూర్యుడు కొత్త రాశిలోకి అడుగుపెట్టే రోజులు చూడండి. భూమి తిరగడమే మనకు సూర్యుడు రాశుల్లో నడిచినట్టు కనిపిస్తుంది. సూర్యుడు ఒక్కో రాశిలో 30 డిగ్రీలే నడవాలి. రజో పండగ నాటి మిథున సంక్రాంతి నుంచి కర్కాటక సంక్రాంతి దాకా 31 రోజుల పైన పడుతుంది. పేలాలూ బెల్లంతో చేసే ధనుముఆ దుకాణాల్లోకి వచ్చే ధను సంక్రాంతి నుంచి మకర సంక్రాంతి దాకా 29న్నర రోజులే. ఏప్రిల్ 14 పణా సంక్రాంతి (మేష సంక్రాంతి) నుంచి అక్టోబర్ 17 ప్రాంతంలో వచ్చే తులా సంక్రాంతికి 186 రోజులు. అక్కడినుంచి మళ్ళీ పణా సంక్రాంతికి 179. సగం చుట్టుకు ఏడు రోజులు తేడా.

వేగంలో తేడా మూడున్నర శాతం లోపే, మరి నెలల్లో ఏడు శాతం దాకా ఎందుకు అని అడుగుతారు. జనవరిలో భూమి వేగంగా పోవడమే కాదు, దగ్గరగా కూడా ఉంది. దగ్గరగా ఉంటే అదే దూరం ఎక్కువ కోణంగా కనిపిస్తుంది. రెండు తేడాలూ కలిసి వస్తాయి.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. జనవరిలో భూమికి జూలైలో కన్నా సుమారు 7 శాతం ఎక్కువ ఎండ అందుతుంది. కానీ ఆ భాగాన్ని భూమి అంతే శాతం త్వరగా దాటేస్తుంది. అందుకని పణా సంక్రాంతి నుంచి తులా సంక్రాంతి దాకా భూమి మొత్తానికి అందిన ఎండ, మిగతా సగంలో అందిన ఎండ సమానం.

కెప్లర్ ఈ నియమాన్ని దీర్ఘవృత్తం కన్నా ముందే పట్టుకున్నాడు, 1609లో రెండూ కలిపి అచ్చువేశాడు. ఆయనకు ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ తీసిన కొలతలు దొరికాయి. మన పక్కన ఖండపడాలో ఒడియా ఖగోళవేత్త పఠాణి సామంత తన కొలతలు తానే తీసుకున్నారు, వెదురుతో చేసిన యంత్రాలతో, దుర్భిణి లేకుండా. ఆయన గ్రంథం సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. అందులో గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారు. ఆయన గురించి విడిగా ఒక పాఠం రాయాలి.

అభ్యాసం. బుధుడు దగ్గరి కొనలో 4.6 కోట్ల కిలోమీటర్ల దూరంలో సెకనుకు 59 కిలోమీటర్లు పోతాడు. దూరపు కొన 6.98 కోట్ల కిలోమీటర్లు. అక్కడ వేగమెంత? ఇది రెండు నిమిషాల పని.

రెండోదానికి ఒక సాయంత్రం పడుతుంది, కానీ వదలొద్దు. రోజువారీ రవిస్ఫుటం, అంటే రాశుల్లో సూర్యుడున్న చోటు ఇచ్చే దృగ్గణిత పంచాంగం (ఆకాశంలో కనిపించేదానికి సరిపోయేలా లెక్కకట్టినది) సంపాదించండి. పూర్వపద్ధతి పంచాంగం వద్దు, అంకెలు కొంచెం వేరుగా వస్తాయి. జనవరి 1 నుంచి 11 దాకా సూర్యుడు ఎన్ని కళలు నడిచాడో తీయండి, జూలై 1 నుంచి 11 దాకా కూడా. డిగ్రీకి 60 కళలు. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, ఒకటి తీసేసి, మిగిలినదాన్ని 4తో భాగించండి. 0.017 అటూ ఇటూ వస్తే భూమి కక్ష్య ఉత్కేంద్రతను మీరే కొలిచినట్టు. ఇది నా అడ్డదారి, దాదాపు గుండ్రంగా ఉన్న కక్ష్యలకే పనిచేస్తుంది. బుధుడికి వాడితే 0.2 రావాల్సిన చోట 0.3 దాటుతుంది. ఎందుకు దాటుతుందో ఆలోచించి, లెక్కతో సహా రాసి పంపండి.