కుస్కోక్విమ్ నదిలో మంచు కింద వల వేసే ముందు

అలాస్కాలోని ఈ నది గడ్డకట్టాక అక్కడి ఆదివాసులైన యూపిక్ కుటుంబాలు మంచుకు రంధ్రాలు చేసి, కింద వల దింపి తెల్లచేపలు పడతాయి. ఇంటి తిండి కోసం చేసే పనే. బయల్దేరే ముందు ఇవి చూసుకోవాలి.

• మంచు మందం. గట్టి, తేటైన మంచు అయితే నడవడానికి కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు (మంచు మీద నడిపే బండి) 5 నుంచి 7 అంగుళాలు ఉండాలి. తెల్లమంచైతే దానికి రెట్టింపు. అయితే ఇది చెరువుల లెక్క. నదిలో ప్రవాహం మంచును కింది నుంచి అరగదీస్తుంది. వంపుల దగ్గర, వాగులు కలిసే చోట అసలు నమ్మొద్దు. పైన కురిసిన మంచు దుప్పటిలా కప్పేసి, చలిని కిందికి దిగనివ్వదు. అందుకే నిన్న దాటిన దారినైనా గునపంతో పొడుస్తూ వెళ్లాలి. ఒక్క పోటుకే నీళ్లొస్తే వెనక్కి తిరగడమే.

• ఒంటరిగా వద్దు. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పండి.

• మెడలో మంచు మేకులు (మంచులో గుచ్చి పట్టుకునే, పిడి ఉన్న మేకులు) వేలాడాలి. నీళ్లలో పడితే అంచును పట్టుకుని పైకి రావడానికి అవే దిక్కు. సంచిలో అడుగున పెడితే ఉన్నా లేనట్టే!

• తడవని సంచిలో పొడిబట్టలు, అగ్గిపెట్టె.

• తాళ్ల చిక్కులు ఇంట్లోనే విప్పుకోండి. అక్కడ వేళ్లు మొద్దుబారిపోతాయి.

• వల కన్ను సైజు, నిబంధనలు ఆ సీజన్‌కు ఏవో కనుక్కోండి.

• చేప తలలు పులియబెట్టే ఆలోచన ఉంటే, మూత బిగించే ప్లాస్టిక్ డబ్బా వద్దు. గాలాడకపోతే బొటులిజం విషం పుట్టవచ్చు. అలాస్కాలో దీనివల్ల మనుషులు చనిపోయారు కూడా.