జర్నలిజం చదువుతున్నారా? ఆఖరి సెమిస్టర్ దాకా ఆగకుండా ఉద్యోగానికి ఇలా సిద్ధం కండి

మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏ ఛానల్‌లో ట్రై చేయమంటారు సార్?" అడిగేది కూడా ఆఖరి సెమిస్టర్‌లోనే. అప్పటికి చూపించడానికి తాము రాసిన ముక్క ఒక్కటీ ఉండదు. తెలుగు డెస్కులో, అంటే వార్తల్ని దిద్ది, తిరగరాసే విభాగంలో, మీ మార్కుల సంగతి తర్వాత. ముందు కూర్చోబెట్టి, ఇంగ్లిష్ వార్త ఒకటి చేతిలో పెట్టి, తెలుగులో రాయమంటారు.

1. టైపింగ్ నేర్చుకోండి

ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకోవడం వాట్సాప్‌కు సరిపోతుంది. ఎడిషన్ టైమ్ దగ్గర పడ్డాక దాంతో కష్టం. తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లో ఉచితంగానే ఉంటుంది. రోజుకు అరగంట చొప్పున రెండు నెలలు కూర్చోండి చాలు. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ మరో కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా కనిపించవచ్చు. అందుకే ఎవరికైనా పంపేది ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే పంపండి.

2. రోజుకో అనువాదం చేయండి

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఇంగ్లిష్ పేపర్లోంచి 200 పదాల వార్త తీసుకుని, 120 పదాల్లో తెలుగులో రాయండి. మర్నాడు అదే వార్తను రెండు తెలుగు పత్రికలు ఎలా రాశాయో పక్కన పెట్టి చూడండి.

కొత్తవాళ్లు ఇలా రాస్తారు: "యూరియా కోసం రైతులు బారులు తీరుతున్న సమయంలో ఈ నిర్ణయం వస్తోంది. బాధ్యులైన వారిపై చర్య తీసుకోబడుతుందని మంత్రి పేర్కొన్నారు." ఇది తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లిష్. నిర్ణయం నడిచి రాదు కదా! డెస్కులో అయితే ఇలా మారుస్తారు: "ఒకపక్క రైతులు యూరియా కోసం బారులు తీరుతుంటే, ప్రభుత్వం ఈ నిర్ణయం తీసుకుంది. బాధ్యులపై చర్యలు తీసుకుంటామని మంత్రి చెప్పారు." రాసింది ఒకసారి పైకి చదవండి. నాలుక తట్టుకున్న చోటల్లా దిద్దాల్సిందే.

అంకెలతో మరీ జాగ్రత్త. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను 2 బిలియన్లను 20 కోట్లు చేసేశాను. పేజీ ప్రింటింగ్‌కు వెళ్లేలోపు నైట్ షిఫ్ట్ ఇన్‌చార్జి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఈ లెక్క రాసిన చీటీ తర్వాత చాలాకాలం నా మానిటర్‌కు అంటించే ఉండేది.

3. ఒక సమస్యను పట్టుకోండి

"సామాజిక అంశాలు రాస్తాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మీ ఊరి రైల్వే స్టేషన్‌లో లిఫ్ట్ పనిచేయడం లేదనుకోండి. ఎన్నాళ్లుగా ఆగిపోయింది, మరమ్మతుకు ఎంత ఖర్చుపెట్టారు అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రైల్వేకు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబివ్వడానికి గడువు 30 రోజులు. ఈలోపు మెట్లెక్కే పెద్దవాళ్లతో మాట్లాడి, ఫొటోలు తీసుకోండి. జవాబు వచ్చేసరికి మీ చేతిలో అసలైన స్టోరీ ఉంటుంది. ఇలాంటివి ఐదు ఉంటే చాలు, తేదీలతో సహా ఒక పీడీఎఫ్‌లో పెట్టుకోండి. సెమినార్ సర్టిఫికెట్లు అందులో కలపొద్దు.

4. ఒక్క గుమ్మం దగ్గరే నిలబడొద్దు

ఈనాడు లాంటి పత్రికలకు సొంత జర్నలిజం స్కూళ్లున్నాయి. నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి. గొంతు బాగుంటే ఆకాశవాణి క్యాజువల్ అనౌన్సర్ల ఆడిషన్లకు వెళ్లండి. ఓటీటీ సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ స్క్రిప్టులు, కంపెనీల పీఆర్ (ప్రజా సంబంధాల) విభాగాలు... వీటన్నిటికీ పైన చెప్పిన అనువాదమే పెట్టుబడి. యాంకరింగ్ ఒక్కటే మీడియా అనుకుంటే మాత్రం నిరాశ తప్పదు.

5. చేరే ముందు అడగండి

ఇచ్చేది నెల జీతమా, లైన్ అకౌంటా? లైన్ అకౌంట్ అంటే అచ్చయినదాన్ని కొలిచి డబ్బులివ్వడం. పత్రికల్లో కంట్రిబ్యూటర్లకు, అంటే నెల జీతం లేకుండా ఊళ్ల నుంచి వార్తలు పంపేవాళ్లకు, ఈ పద్ధతి ఉంది. దాంతో ఇల్లు గడవడం కష్టం. పీఎఫ్ ఉందా, వీక్లీ ఆఫ్ ఏ రోజు, ఇన్నేళ్లు పనిచేస్తామని రాసిచ్చే బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? మొహమాటపడకుండా అన్నీ అడగండి. అపాయింట్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే హాస్టల్ గది ఖాళీ చేయండి.